తిట్లకు మొహం వాచిన మనిషి

మా తమ్ముడు లైశాండర్ ప్రెవిట్ బొమ్మ ఇప్పుడు టౌన్‌హాల్లో గోడకి వేలాడుతోంది. కింద ఇత్తడి రేకు మీద "పత్రికా సంపాదకుడు, రాయబారి" అని చెక్కించారు. గీసినవాడెవడో గానీ మావాడి ముక్కు సన్నగా దిద్ది, గడ్డం దువ్వి, చేతిలో ఓ లావుపాటి పుస్తకం పెట్టాడు. బతికుండగా వాడి చేతిలో అంత లావు పుస్తకం నేనెన్నడూ చూళ్ళేదు. కత్తెర చూశాను, సిరాబుడ్డి చూశాను, సగం కొరికిన పంది మాంసం ముక్క చూశాను. ఆ బొమ్మ ముందు పెద్దమనుషులు టోపీలు తీస్తుంటే నాకు నవ్వొస్తుంది. చిన్నప్పుడు ఆ ముక్కు తుడిచినదాన్ని నేను. వాడేమిటో నాకు తెలుసు. వాడేం పోగొట్టుకున్నాడో కూడా నాకే తెలుసు, అది ఆ రేకు మీద పట్టేది కాదు.

ఒహాయో నది ఒడ్డున మా హార్లన్స్ ఫెర్రీ చిన్న ఊరే. అయినా పత్రికలు మాత్రం రెండు. ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే, పార్టీకో పత్రిక ఉండి తీరాల్సిందే. మాది బీకన్. వీధికి అవతల, సరిగ్గా మా ఎదురుగా, బ్యూగిల్. దాని సంపాదకుడు బార్నబస్ టటిల్. మాది గురువారం వచ్చేది, వాళ్ళది శనివారం. గురువారం మావాడు బార్నబస్‌ని ఉతికి ఆరేసేవాడు, శనివారం బార్నబస్ మావాణ్ణి ఉతికి ఆరేసేవాడు. ఆదివారం ఊరంతా చర్చి మెట్ల మీద నిలబడి ఈ వారం ఎవరిది పైచెయ్యి అని వాదించుకునేది.

సోమవారం మధ్యాహ్నం బార్నబస్, అతని భార్య ఫీబీ మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళు.

ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ వింతగా అనుకునేవాళ్ళు కాదు. నేను కోడి కూర వండి, పిండి ముద్దలు వేసి, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె కోసేదాన్ని. మావాడికి భార్య పోయింది, నాకు పెళ్ళే కాలేదు, అందుకని ఇల్లు చూసేదాన్నీ నేనే, పత్రికకి అచ్చు అక్షరాలు కూర్చేదాన్నీ నేనే. వంటింటి బల్ల మీద పళ్ళేలు పక్కకి నెట్టి మావాడు ఆ వారం రాసిన తిట్లు చదివేవాడు. తిట్లు తినాల్సినవాడు ఎదురుగా కూర్చుని ఆపిల్ రొట్టె తింటూ వినేవాడు.

"'నక్కజిత్తుల గుర్రాల దొంగ' అనా? పోయిన నెలా అదే అన్నావు కదరా. బుర్ర అడుగంటిందా?" అనేవాడు బార్నబస్.

"సరే, గుడ్ల దొంగ అంటాను."

"గుడ్లేమిట్రా అసయ్యంగా. నాకో హోదా ఉంది. గొర్రెల కంటే కిందకి దిగను."

ఫీబీ నవ్వు ఆపుకోలేక, "గొర్రెల దొంగ, ఆయన కోటు దగ్గరికెళితే ఉన్ని కంపు కొడుతుందని రాయి లైశాండర్. నిజంగానే కొడుతుంది" అంది ఒకసారి.

బార్నబస్ చెంచా ఎత్తి ఆపేశాడు. "కొడుతుంది కాబట్టే రాయకూడదు. కొట్టెయ్."

అదే వాళ్ళిద్దరి మధ్య ఉన్న కట్టడి. ఎంత పెద్ద అబద్ధమైనా వేసుకోవచ్చు, చిన్న నిజం కూడా పడకూడదు. బార్నబస్ చర్చి చందా డబ్బాలో డబ్బంతా తాగేశాడని మావాడు వేశాడు, ఆయన జన్మలో సారా ముట్టలేదు. మావాణ్ణి వాళ్ళమ్మ సర్కస్ బండి కింద పారేసి పోయిందని బార్నబస్ వేశాడు. మా అమ్మ అప్పటికి బతికే ఉంది, ఆ ముక్క కత్తిరించి బైబిల్లో దాచుకుంది. అబద్ధమని తెలిసిన తిట్టు ఎవరికీ తగలదు. మెచ్చుకోళ్ళయితే అసలే లేవు. అవి పెళ్ళిళ్ళకీ చావులకీ, ఊరికి కొత్తగా వచ్చిన పాదిరీలకీ.

ఒకసారి ఏదో ఊరినుంచి వచ్చిన గుర్రపు జీన్ల వ్యాపారి ఈ రాతలన్నీ నిజమనుకుని, బీకన్ మీద అభిమానం కొద్దీ, నడివీధిలో బార్నబస్ బూటు మీద ఉమ్మేశాడు. మావాడు కిటికీలోంచి చూశాడు. ఏప్రన్ కూడా విప్పకుండా వెళ్ళి వాడి గల్లా పట్టుకుని, నీళ్ళ తొట్టెలో ముంచి, తీసి, మళ్ళీ ముంచాడు. "వాణ్ణి అనడానికి నేనున్నాను. నువ్వెవడివి?" అన్నాడు. ఆ శనివారం బ్యూగిల్లో "బీకన్ సంపాదకుడు పట్టపగలు తాగి గుర్రాల తొట్టెలో స్నానం చేశాడు" అని వచ్చింది. ఆ సోమవారం మా వంటింట్లో నవ్వీ నవ్వీ ఫీబీకి పొలమారింది.

ఇలా నా జీవితంలో మంచి కాలం గడిచిపోయింది. గడుస్తున్నప్పుడు అది మంచి కాలమని తెలియదు కదా.

దేశంలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చింది. బార్నబస్‌కి ఒక్కడే కొడుకు, వెస్లీ. మీసం సరిగా రాకుండానే మా ఊరి పటాలంతో వెళ్ళాడు. ఒక పెద్ద పోరు తర్వాత వాడి దగ్గర్నుంచి కబురు ఆగిపోయింది. శత్రువులకి చిక్కాడని తల్లీతండ్రీ చెప్పారు. యుద్ధం అయిపోయాక, జైల్లో ఊపిరితిత్తులు పాడయ్యాయట, పడమట పొడిగాలిలో ఉంటున్నాడట అన్నారు. సరే అనుకున్నాం. ఊళ్ళో సగం ఇళ్ళల్లో కొడుకులు పోయారు. ఎవరి కడుపుకోత వాళ్ళది, ఎవరూ ఇంకొకరిని తవ్వి అడిగేవాళ్ళు కాదు.

ఇక మావాడి సంగతి. వాడికి చిన్నప్పట్నుంచీ సముద్రం పిచ్చి. నది ఒడ్డున పుట్టాడు కదా, ఈ నీళ్ళన్నీ ఎక్కడికెళ్తున్నాయో చూడాలని. అచ్చు యంత్రం వెనక గోడంతా దేశదేశాల పటాలు అంటించాడు. రొట్టె తింటూ వాటిని చూసేవాడు. ఆ రోజుల్లో పార్టీ గెలిస్తే, దాని కోసం కలం అరగదీసిన సంపాదకులకి ఉద్యోగాలు పంచేవాళ్ళు. కొందరికి తపాలా ఆఫీసు, అదృష్టవంతులకి కాన్సల్ పదవి, అంటే పరదేశపు రేవులో మన దేశం తరఫు అధికారి. మావాడు పార్టీ పుట్టినప్పట్నుంచీ చాకిరీ చేశాడు. రెండుసార్లు పేరు వెళ్ళింది, రెండుసార్లూ పక్క కౌంటీ వాళ్ళు తన్నుకుపోయారు. "ఈసారి కూడా రాకపోతే అక్కా, నేనీ బురద చూస్తూనే పోతాను" అనేవాడు. యాభై దాటిన మనిషి ఆ మాట అంటుంటే జాలేసేది.

ఆ ఎన్నికల ముందు, ఆకులు రాలే కాలంలో, పార్టీ మనిషి కర్నల్ స్టాక్‌వెల్ మా ఆఫీసుకి వచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా, మంచి బూట్లేసుకుని ఉంటాడు. నేను అక్షరాలు కూరుస్తూనే ఉన్నాను. నన్ను బల్లలాగా, కుర్చీలాగా చూసి మాట మొదలెట్టాడు.

"మీ పేరు జాబితాలో ఉంది ప్రెవిట్. ఈసారి పైనే ఉంది. కానీ ఒక చిక్కు. మీరూ ఆ టటిలూ ఒక్క తల్లి పిల్లలని పైవాళ్ళ చెవిన పడింది."

"ప్రతి వారం తిడుతూనే ఉన్నానుగా" అన్నాడు మావాడు.

"అవి తిట్లా? మా ఆవిడ చదివి నవ్వుకుంటుంది. కౌంటీ ఈసారి వెంట్రుకవాసిలో ఉంది. టటిల్ మాట మీద సైనికుల ఓట్లు అటు పోతున్నాయి. కొడుకుని దేశానికిచ్చిన తండ్రి అని వాళ్ళకో గౌరవం. మీరు ఎవరి పక్షమో తేల్చండి. తగిలేది రాయండి. తర్వాత మీ సముద్రం సంగతి నేను చూస్తాను."

వాడు వెళ్ళాక మావాడు గోడమీది పటాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ వారం సోమవారం భోజనానికి, పంటినొప్పి అని, పైనించి దిగలేదు. ఫీబీ నా చేతికి లవంగనూనె ఇచ్చి వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ఎప్పట్లాగే నవ్వుకోవడానికి సిద్ధపడి చదివాను. వెస్లీ టటిల్ శత్రువులకి చిక్కలేదట. తుపాకి పారేసి, తోటివాళ్ళని వదిలేసి, పటాలంలోంచి పారిపోయాడట. పడమటా లేడు, పొడిగాలీ లేదు, కెనడాలో మారుపేరుతో వడ్రంగి పని చేసుకుంటున్నాడట. ఈ సంగతి తండ్రికి మొదట్నుంచీ తెలుసట.

"ఇది అబద్ధమే కదూ?" అన్నాను.

సిరాబుడ్డి మూత బిగించాడు, మళ్ళీ విప్పాడు.

"లైశాండర్, అబద్ధమని చెప్పు. చెప్తే కూరుస్తాను."

"చేపలకెళ్ళినప్పుడు బార్నబస్సే చెప్పాడక్కా" అన్నాడు, నేలవైపు చూస్తూ. "ఇంకెవరికీ తెలీదు."

"నిన్ను నమ్మి చెప్పాడు."

"ఎన్నికల హడావిడి రెండు వారాలు ఉంటుంది. ఆ తర్వాత ఎవరికి గుర్తుంటుంది? వాడికి నేను చెప్పుకుంటాను. వాడు అర్థం చేసుకుంటాడు."

"సిగ్గు లేదట్రా నీకు? ఆ పిల్లాడు నీ ఒళ్ళో ఆడుకున్నాడు. ఫీబీ నీకు పంటినొప్పని మందిచ్చి పోయింది. నేను ముట్టుకోను. నా చేతుల్తో ఇది కూర్చను. కావాలంటే నువ్వే కూర్చుకో."

నేనంత గట్టిగా అంటే మానేస్తాడనుకున్నాను. చిన్నప్పట్నుంచీ నా కోపానికి భయపడేవాడు. ఆ రోజు భయపడలేదు. కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, తనే నిలబడి ఒక్కో అక్షరం ఏరి కూర్చాడు. అలవాటు తప్పిన చేతులు, వరసలు వంకరగా వచ్చాయి. నేను ఏప్రన్ విప్పి విసిరేసి ఇంట్లోకి వచ్చేశాను. గంటల తరబడి లోపల్నించి ఆ అక్షరాల చప్పుడు వింటూ, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

గురువారం సాయంత్రానికల్లా ఊరు అట్టుడికిపోయింది. కాళ్ళు పోయినవాళ్ళు, చేతులు పోయినవాళ్ళు, కొడుకులు పోయిన తండ్రులు బ్యూగిల్ ముందు మూగారు. రాళ్ళు పడ్డాయి. ఆ కుర్రాడు ఈ ఛాయలకొస్తే ఒంటికి తారు పూసి, ఈకలు అంటించి ఊరేగిస్తామని అరిచారు. బార్నబస్ తలుపు తీసి గడపలో నిలబడ్డాడు. అబద్ధమని ఒక్క మాట అంటే సగంమంది నమ్మి ఇళ్ళకి పోయేవాళ్ళు. అనలేదు. అందరి తిట్లూ అయిపోయేదాకా నిలబడి, తలుపు వేసుకున్నాడు. ఆయన ఒక్కసారి కూడా మా కిటికీ వైపు చూడలేదు. మావాడు ఆ కిటికీ వెనకే ఉన్నాడు.

శనివారం బ్యూగిల్ వచ్చింది. మావాడు తెరిచాడు. ఏ శాపనార్థాలుంటాయో అని నేనూ పక్కన చేరి చూశాను. పంటల ధరలున్నాయి, నది మట్టం ఉంది, పార్టీ ప్రసంగాలున్నాయి. మావాడి పేరు ఎక్కడా లేదు. ఆ వారం లేదు, మరుసటి వారం లేదు. అప్పట్నుంచీ లేదు.

ఫీబీ మాత్రం ఒకసారి వచ్చింది. వీధి దాటి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, గుమ్మంలోనే నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"వెస్లీ క్రిస్మస్‌కి వస్తానన్నాడు కెజయా" అంది, నన్ను పేరు పెట్టి పిలిచి. "ఇన్నేళ్ళకి ధైర్యం చేసి రాశాడు. గది దులిపి, పరుపు ఎండలో వేశాను. ఇప్పుడిక రావద్దని రాయాలి."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. నేను ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

మా పార్టీ గెలిచింది. వసంతంలో మావాడికి ముద్రలేసిన పెద్ద కాగితం వచ్చింది. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఒక రేవులో అమెరికా కాన్సల్. పడవ ఎక్కే రోజున బ్యాండు వాయించారు, స్టాక్‌వెల్ ఉపన్యాసం దంచాడు. మావాడు కొత్త టోపీ పెట్టుకుని మెడ సాచి జనంలో వెతుకుతూనే ఉన్నాడు. బార్నబస్ వస్తాడని ఎక్కడో ఆశ. ఎందుకొస్తాడు? బ్యూగిల్ కిటికీలకి తెరలు దించి ఉన్నాయి.

అక్కడ వాడేం చేశాడంటే, ఓడల కాగితాల మీద ముద్రలేశాడు. తాగి తన్నుకున్న నావికుల్ని జైలు నుంచి విడిపించాడు, చచ్చినవాళ్ళని పాతిపెట్టి వాళ్ళ తల్లులకి కబురు పెట్టాడు. విందులకి వెళ్ళాడు, ఎండు చేపలు తిన్నాడు, పెద్దపెద్ద దొరలకి వంగి దణ్ణాలు పెట్టాడు. అందరూ మంచివాడన్నారట. సముద్రం మాత్రం వాడి కిటికీ కిందే ఉందట, బూడిదరంగులో, చలికాలమంతా గడ్డకట్టి. నేను పంపే బ్యూగిల్ కట్టలు రెండు నెలలు ఆలస్యంగా అందేవి. ముందు అవే విప్పేవాణ్ణని తర్వాత చెప్పాడు. పశువుల ప్రకటనల దాకా చదివేవాడట, ఎక్కడన్నా తన పేరు, ఒక్క తిట్టు, కనీసం ఓ ఎత్తిపొడుపు ఉందేమోనని. వాడు తిట్లకి మొహం వాచిపోయాడు.

బార్నబస్‌కి రాయొచ్చు కదా అంటారేమో. రాశాడు. అన్నీ విప్పకుండానే తిరిగొచ్చాయి.

ఇక్కడ బీకన్ నేనే నడిపాను. పెళ్ళిళ్ళు, పంటలు, వానలు వేశాను. మగవాళ్ళు చదివి ఆవలించేవాళ్ళు. బ్యూగిల్ కూడా అంతే, ఉప్పులేని కూడులా తయారైంది. నాకూ బార్నబస్‌కీ వీధిలో ఎదురైతే తల ఊపుకోవడమే. ఫీబీ జబ్బు పడ్డాక మాత్రం నేను ఊరుకోలేకపోయాను. గంజి కాచుకుని వెనక తలుపు నుంచి వెళ్ళాను. వద్దనలేదు. చివరి నెలలన్నీ రోజూ వెళ్ళాను.

"నాకు మీ తమ్ముడి మీద కోపం చచ్చిపోయింది" అంది ఒక మధ్యాహ్నం. బక్కచిక్కి దిండులో కలిసిపోయింది పాపం. "ఈయన గురించే నా బెంగ. శుక్రవారం వస్తే కలం పట్టుకుని కూర్చుంటాడు, తిట్టడానికి మనిషి లేడు. నేను పోయాక ఒక్కడైపోతాడు. మీవాడొస్తే మళ్ళీ తిట్టుకోమని చెప్పు. ముందు మీవాణ్ణే తిట్టమను. ఈయన ఊరుకోలేడు, నాకు తెలుసు, తిరిగి ఏదో ఒకటి అంటాడు."

వాన కురుస్తుండగా ఆమెని పాతిపెట్టాం. వెస్లీ రాలేదు. ఎలా వస్తాడు?

ఆ తర్వాత పార్టీలో గాలి మారింది. కొత్త అధ్యక్షుడు తనవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టుకున్నాడు, మావాణ్ణి దింపేశారు. తెల్లబడ్డ గడ్డంతో, బొచ్చు కాలరు కోటుతో పడవ దిగాడు. పెట్టె కింద పెట్టకుండానే, "వాడెలా ఉన్నాడు?" అన్నాడు. ఎవడని నేను అడగలేదు.

"ముసలాడైపోయాడు. నీలాగే."

"నా గురించి ఏమన్నా అంటాడా?"

"పోయి నువ్వే అడుగు. పోయి కాళ్ళమీద పడు. అదొక్కటే మిగిలింది."

వెళ్ళాడు. మూడుసార్లు వీధి దాటాడు, మూడుసార్లూ తలుపు మీద చెయ్యి వేసి వెనక్కొచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూ పళ్ళు నూరుకున్నాను. రాజులతో మాట్లాడొచ్చిన మొనగాడు, వీధి దాటలేకపోయాడు.

"ఏమని అడగనక్కా?" అన్నాడు, కుర్చీలో కూలబడి. "క్షమించమనా? కాలు తొక్కితే అనే మాట అది. నేను వాడి కొడుకుని ఇంటికి రాకుండా చేశాను. ఫీబీ ఆ గది తలుపు చూస్తూ పోయింది. దీనికి నా దగ్గర మాటల్లేవు."

అప్పుడు ఫీబీ చెప్పింది చెప్పాను.  విని కలం అడిగాడు.

అన్నేళ్ళ ఆకలంతా ఆ కాగితం మీద కక్కాడు. మెథడిస్టు చర్చి గంట మాయమైందనీ, బార్నబస్ టటిల్ దాన్ని కరిగించి చొక్కా గుండీలు చేయించుకున్నాడనీ, అందుకే ఆయన దగ్గితే ఊరంతా ప్రార్థనకి బయల్దేరుతోందనీ రాశాడు. బ్యూగిల్‌ని రాసేది కంచరగాడిద అనీ, బార్నబస్ ఉత్త సంతకందారనీ, ఈమధ్య జీతం చాలక గాడిద కూడా మానేసిందనీ రాశాడు. ప్రతి వాక్యం పచ్చి అబద్ధం. నేను కూరుస్తుంటే నవ్వొచ్చింది, కళ్ళు మసకబారి రెండు వరసలు తప్పు పడ్డాయి. నిజం చెప్పొద్దూ, అంత మంచి తిట్టు వాడు జన్మలో రాయలేదు.

"మరీ ఎక్కువైందా?" అన్నాడు ప్రూఫు చూస్తూ.

"గంట కాదు, చర్చే ఎత్తుకుపోయాడని వెయ్యాల్సింది."

చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి నవ్వాడు.

గురువారం పత్రిక వెళ్ళింది. ఊరు పడీపడీ నవ్వింది. కుర్రకారుకి ఇదంతా కొత్త. ముసలివాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక అందరి కళ్ళూ శనివారం మీదే. మావాడికి తిండి సహించలేదు. శుక్రవారం పొద్దున్నించీ కిటికీ దగ్గరే. "కలం పట్టుకున్నాడక్కా" అని వంటింట్లో ఉన్న నాకు కేకేసి చెప్పాడు. "రాస్తున్నాడు. ఆగాడు. మళ్ళీ రాస్తున్నాడు." సోమవారానికి కోడి చెప్పనా అని అడిగాను. "ఇప్పుడే వద్దు, దిష్టి" అన్నాడు, కానీ మొహం వెలిగిపోయింది.

శనివారం పొద్దున గడ్డం కత్తిరించుకుని, దొరల కోటు పక్కన పడేసి, పాత సిరా ఏప్రన్ కట్టుకుని కూర్చున్నాడు. బ్యూగిల్ పనివాడు ఎప్పట్లాగే ఓ ప్రతి మా గడప మీద పెట్టి వెళ్ళాడు. తెచ్చాను. మావాడు దాన్ని అందుకుని మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నువ్వే చదువు. గట్టిగా చదువు. చర్చి గంటకి ఏం చెప్పాడో చూద్దాం."

వెతకాల్సిన పని లేకపోయింది. మొదటి పేజీలోనే, పైన, చుట్టూ చక్కటి గీతలు కట్టి వేశాడు.

"'మన పట్టణ వాస్తవ్యులు, మాజీ కాన్సల్ శ్రీ లైశాండర్ ప్రెవిట్ గారు బాల్టిక్ తీరంలో దేశానికి విశేష సేవలందించి, గత నెల పదకొండవ తేదీన స్వగృహం చేరుకున్నారు. వారు బీకన్ పత్రిక బాధ్యతలు తిరిగి స్వీకరించారు. వారికి మా హృదయపూర్వక స్వాగతం. వారు ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాము.'"

ఆపాను.

"తర్వాత?" అన్నాడు.

"అంతే."

"అంతే ఏమిటి, రెండో పేజీ చూడు. అక్కడ వేసుంటాడు. వాడలా దాచి కొడతాడు, నీకు తెలీదు."

రెండో పేజీ చూశాను. మూడో పేజీ, నాలుగో పేజీ చూశాను. పందుల ధరలున్నాయి. కాలేయానికి మాత్రలున్నాయి. తన చేతికి తీసుకుని తనే చూశాడు, తిరగేసి మళ్ళీ చూశాడు.

అంతలో మా వీధిలో గుర్రపు జీన్లు కుట్టే హోబర్ట్ తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో బ్యూగిల్, మొహంలో వెలుగు. "చూశారా కాన్సల్ గారూ, ఏం మనసండీ ఆయనది! మీరు అన్నేసి తిట్లు తిట్టారా, ఒక్క మాట తిరిగి అనలేదు. పైగా ఎంత గౌరవంగా వేశారో. అసలు పెద్దమనిషంటే అలా ఉండాలి. పాత గొడవలన్నీ ఇక తీరిపోయినట్టే."

"అవును" అన్నాడు మావాడు.

"వెళ్ళి ఓ నమస్కారం పెట్టండి మరి."

"పెడతాను."

హోబర్ట్ సంతోషంగా వెళ్ళిపోయాడు. ఎదుటి కిటికీలో బార్నబస్ కనిపిస్తూనే ఉన్నాడు, మాకు వీపు పెట్టి ఏదో సర్దుకుంటున్నాడు. మావాడు పత్రికని బల్లమీద పరిచి, ప్రూఫు దిద్దేటప్పుడు చేసినట్టే, ఆ నాలుగు వాక్యాల కింద వేలు పెట్టి మాట మాటా చూసుకుంటూ పోయాడు. పేరు సరిగ్గా వేశాడు, పదవి సరిగ్గా వేశాడు, తేదీ కూడా తప్పలేదు. నేను కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. 

"ఒక్క అబద్ధం కూడా లేదక్కా" అన్నాడు.